గద్దకన్ను కిబిరంగో

మా లుగోంబ చిత్తడిలో సందర్శకులకు పక్షుల్ని చూపించే గైడ్లు పదకొండు మంది. వాళ్ళందరిలోకీ పేరున్నవాడు మా బావ కిబిరంగో. ఆయనకు కళ్ళు కనిపించవు.

బొత్తిగా కనిపించవని కాదు. వెలుగూ చీకటీ తెలుస్తాయి. ఎదురుగా ఏదైనా నిలబడి ఉంటే అది మనిషో గుంజో కదిలేదాకా ఆగి చెప్పగలడు. ఒక ఆదివారం చర్చి బయట గోడకు తగిలించిన రెయిన్‌కోటును చూసి టోపీ తీసి, "పిల్లలు బాగున్నారా సాలోంగో?" అని అడిగాడు. రెయిన్‌కోటు బదులు పలకలేదు. "చూశావా, పదవి రాగానే మనిషి ఎలా మారిపోయాడో" అని మా అక్కతో ఊరంతా వినేలా అన్నాడు.

సాలోంగో అంటే మా సంఘం అధ్యక్షుడు. కవలల్ని కన్న తండ్రిని మా వాళ్ళు ఆ పేరుతోనే గౌరవంగా పిలుస్తారు. ఆయన జీవితంలో సాధించినది కూడా అదొక్కటే. అందులోనూ కష్టమంతా వాళ్ళావిడదే.

నా పేరు నలుగ్వా. కిబిరంగో భార్య ఎరేసి మా అక్క. తాగుబోతు మొగుణ్ణి వదిలేసి అక్క ఇంటి పక్కన చిన్న ఇల్లు కట్టుకున్నాక, గైడు పని ఇమ్మని సంఘాన్ని అడిగాను. సాలోంగో గొంతు సవరించుకుని, "అమ్మా, ఆడమనిషి పడవ ముందు కూర్చుంటే బుల్వే ఎగిరిపోతుంది. ఇది నేను పెట్టిన రూలు కాదు, పెద్దలు చెప్పింది" అన్నాడు. పడవ వెనక కూర్చుని తెడ్డు వేస్తే మాత్రం ఎగరదట. ఆ మాటా పెద్దలే చెప్పారట.

ఆ పెద్దల సంగతి నాకు తెలుసు. వాళ్ళ కాలంలో బుల్వే కంటబడితే ఆ రోజు వలలో చేప పడదని నమ్మేవాళ్ళు. కనపడిన చోటే బల్లెం విసిరేవాళ్ళు. బుల్వే బూడిదరంగు కొంగ. నా భుజం దాకా వస్తుంది. ముక్కు పాత చెక్కబూటులా ఉంటుంది. కోడలి వంట రుచి చూస్తున్న అత్తగారిలా గంటలకొద్దీ కదలకుండా నిలబడి మనవైపే చూస్తుంది. దాన్ని చూడడానికి ఎక్కడెక్కడివాళ్ళో విమానాలెక్కి వస్తారని తెలిశాక మా వాళ్ళకు జ్ఞానోదయమైంది. బల్లేలు విసిరినవాళ్ళే సంఘం పెట్టారు. జమ్ము కొయ్యకూడదు, హద్దు దాటి దున్నకూడదు, పక్షి జోలికి పోకూడదు అని రాసుకున్నారు. ఆదివారం ప్రార్థనలో రోగులకోసం, ప్రయాణికులకోసం అడిగాక, బుల్వే ఆరోగ్యం కోసం కూడా ఒక మాట కలిపారు.

అలా నేను బావ పడవలో తెడ్డు పట్టాను. మొదటి వారంలోనే నాకు విషయం అర్థమైంది. ఆయన కుడివైపు వేలు చూపిస్తూ, "అదిగో, నారాయణ పక్షి" అన్నాడు. పక్షి ఎడమవైపు ఉంది. అతిథులు కుడివైపే వెతుక్కుంటున్నారు. నాకు జాలేసిందో, సిగ్గేసిందో తెలియదు. తెడ్డుతో పడవ అంచుమీద ఒక్కటి తట్టాను. బావ చెవి అటు తిరిగింది. వేలు కూడా మెల్లగా చెవి వెంట ఎడమకు వచ్చింది.

దీని గురించి మేమిద్దరం ఏనాడూ మాట్లాడుకోలేదు. కానీ నెల తిరిగేసరికి మాకొక భాష ఏర్పడింది. ఒక తట్టు ఎడమ, రెండు కుడి. అంచుమీద గీరితే దగ్గరలోనే ఉంది. నీళ్ళు చిమ్మితే ఎగిరిపోయింది. ఏ పక్షో చెప్పడానికి పాట పాడేదాన్ని. చర్చిలో పాడే బాణీనే, మాటలు నావి. రెక్కలు బారచాపి ఆరబెట్టుకునే నీటికాకి నా లెక్కలో పాస్టరు. బండెడు పుల్లలతో మేడంత గూడు కట్టి, అందులోకి ఊరందరూ చేరాక లబోదిబోమనే సుత్తితల కొంగ ఇంటి ఓనరు. పొద్దస్తమానం ఒక్కచోటే నిలబడి పనిచేస్తున్నట్టు కనిపించే నారాయణ పక్షి గుమాస్తా. "పాస్టరు వచ్చె, కొమ్మపై నిలిచె, తడిబట్టలారబెట్టె హల్లెలూయా" అని నేను వెనక నుంచి అందుకునేదాన్ని. బావ ముందు నుంచి గంభీరంగా నీటికాకి ఇంగ్లీషు పేరు, ఆడదా మగదా, ఏం తింటుంది, ఎన్ని గుడ్లు పెడుతుంది, అన్నీ చెప్పేవాడు. పేర్లన్నీ ఆయనకు నోటికొచ్చు. చూపున్న రోజుల్లో పక్షుల పుస్తకం అట్టలు ఊడేదాకా చదివాడు. ఇక కూతపెట్టే పిట్టలైతే నా పాట అక్కర్లేదు. జమ్ము లోపల గింజంత పిట్ట కిచకిచమన్నా పేరూ ఊరూ చెప్పేస్తాడు.

ఒక అతిథి నా పాటను రికార్డు చేసుకుని, ఇది ఎన్ని వందల ఏళ్ళ నాటిదని బావను అడిగాడు. "మా ముత్తాతలది" అన్నాడు బావ, రెప్ప వెయ్యకుండా.

మా కొంప ముంచినవాడు మాత్రం హాలెండు నుంచి వచ్చిన రిటైరైన పళ్ళ డాక్టరు. చంటిపిల్లంత కెమెరా ఎత్తుకుని వచ్చాడు. ఆ రోజు పొగమంచు. ఎవరికీ ఏమీ కనిపించడం లేదు. నాకు మాత్రం మంచు పల్చబడినచోట బుల్వే తల లీలగా తెలిసింది. ఒకసారి తట్టి, గీరాను. బావ కళ్ళు మూసుకునే, "ఎడమవైపు, ముప్పై అడుగులు, వంగిన జమ్ము పక్కన. మాంబా చేప కోసం కాచుకుని ఉంది" అన్నాడు. మంచు విడింది. బుల్వే ముప్పై అడుగుల్లోనే ఉంది. దాని నోట్లో మూరెడు మాంబా చేప కొట్టుకుంటోంది. పళ్ళ డాక్టరు ఏడ్చినంత పని చేశాడు. ఇంటికెళ్ళి ఏదో పత్రికలో, కళ్ళు మూసుకుని కూడా పక్షిని చూసే మనిషి అని పేజీలకు పేజీలు రాశాడు.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఆ తర్వాత సాలోంగో రేవు దగ్గర పెద్ద బోర్డు పెట్టించాడు. గద్దతలకు బావ మీసాలు పెట్టి బొమ్మ వేయించాడు. కింద ఎర్ర అక్షరాలతో 'గద్దకన్ను కిబిరంగో' అని రాయించాడు. బావ బోర్డు ముందు నిలబడి, "బొమ్మ అచ్చుగుద్దినట్టుంది" అని మెచ్చుకున్నాడు. అప్పటికి పెయింటరు ఇంకా నిచ్చెనే దించలేదు. బొమ్మమీద గోనెపట్టా కప్పి ఉంది.

ఇలా ఆరేళ్ళు గడిచాయి. అప్పుడొచ్చింది కాగితం. ఇకమీదట గైడ్లందరికీ లైసెన్సు ఉండాలట. పరీక్ష పెట్టడానికి కంపాలా నుంచి ఆఫీసరు వస్తుందట. సాలోంగో సంఘాన్ని పిలిచి కాగితం చదివి వినిపించి, ఛాతీ విరుచుకున్నాడు.

"మనకేం భయం! మొట్టమొదట మన గద్దకన్నునే కూర్చోబెడదాం. ఆ అమ్మగారు కళ్ళు తిరిగి పడిపోవాలి."

"నాకు ఒంట్లో బాగుండలేదు" అన్నాడు బావ.

"పరీక్ష వచ్చే నెల కదయ్యా!"

"వచ్చే నెల కూడా బాగుండదు."

ఇంటికి రాగానే అక్క, ఉడికించిన అరటికాయల మతోకే ముద్ద ఆయన ముందు పెట్టి, నడుంమీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"పట్నంలో మిషను ఆస్పత్రివాళ్ళు కంట్లో పొరలు తీసేస్తున్నారు. పొద్దున వెళ్తే సాయంత్రానికి ఇంటికొచ్చేస్తున్నారు. ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

"నా కంటికేమైంది?"

"నా కొత్త గోమెసి గౌను చూసి, పాతదైనా భలే ఉందే అన్నావు. పోయిన్నెల మేకకు దుప్పటి కప్పావు. ఇంకేమవ్వాలి?"

"కంట్లో కత్తి పెట్టించుకోమంటావా? కన్నంటే అరటికాయనుకున్నావా, చెక్కు తియ్యడానికి?" అని బావ లేచి నా వైపు అనుకుని అలమారా వైపు తిరిగాడు. "నలుగ్వా, ఎప్పటిలా తట్టు. అంతే. ఎవరికీ తెలీదు."

ఆరేళ్ళలో ఆయన నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి. అదీ అలమారాతో.

పరీక్షకు వచ్చినావిడ పేరు కతుసాబే. సన్నగా, పొడుగ్గా, ఎండిన జమ్ముపుల్లలా ఉంది. నవ్వడానికి కూడా పై ఆఫీసు అనుమతి కావాలన్నట్టు ముఖం. మా పద్ధతి ప్రకారం నేను మోకాళ్ళమీద కూర్చుని దండం పెట్టబోతే, "పడవలో ఆ పనులొద్దు, మునుగుతాం" అంది. లైఫ్ జాకెట్టు పట్టీలు నాలుగుసార్లు బిగించుకుని పడవ మధ్యలో కూర్చుంది. బావ ముందు, నేను వెనక.

మొదటి అరగంట దివ్యంగా నడిచింది. నేను తట్టాను, గీరాను, పాడాను. బావ పేర్లు జల్లుమని రాల్చాడు. జమ్ములో కూసిన ప్రతి పిట్టకూ జాతకం చెప్పాడు. మేడమ్ పేజీ తిప్పి రాసుకుంటూనే ఉంది. ఉన్నట్టుండి కలం ఆపి వెనక్కి తిరిగింది.

"ఏమమ్మా, నీ తెడ్డుకేమైనా జబ్బా?"

"నీళ్ళు దులుపుతున్నా మేడమ్."

"దులపకు. ఆ పాట కూడా ఆపు. పాస్టరు తడిబట్టలు నేను వినాల్సిన అవసరం లేదు."

చిత్తడి అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ మాయదారి పక్షులు కూడా సరిగ్గా అప్పుడే నోళ్ళు మూసుకున్నాయి. బావ మెడ వెనక చెమటలు కారడం నాకు కనిపిస్తూనే ఉంది.

"ఎడమవైపు కలువల మధ్యలో ఉన్నదేమిటి?" అడిగింది మేడమ్.

బావ ఎడమకు తిరిగాడు. అక్కడ ఆయనకేదో పచ్చగా మసకమసకగా తెలిసి ఉంటుంది. ప్రాణం లేచొచ్చినట్టు నిటారుగా కూర్చున్నాడు.

"పసుపుముక్కు బాతు మేడమ్."

"అలాగా. కదలడం లేదే?"

"నిద్రపోతోంది. తల రెక్కలో దాచుకుంది. ఆడది. బహుశా గుడ్లమీద ఉంది. మనం దగ్గరికి వెళ్ళకపోవడం మంచిది, బెదురుతుంది."

"కిబిరంగోగారూ, అది వంటనూనె డబ్బా. ఎవరో వలకు కట్టారు."

బావ టోపీ సర్దుకున్నాడు. తర్వాత, "ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తున్నాయి" అన్నాడు.

మేడమ్ ఆయన ముఖానికి ఎదురుగా చెయ్యి ఆడించింది. బావ ఆ చేతి అవతల ఉన్న చిత్తడి మొత్తానికి చిరునవ్వు నవ్వాడు. ఆవిడకు అర్థమైపోయింది. కాగితం మడిచి, నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. ఆ ఎండుచెట్టు మీద ఎవరు?"

"ఎంపీగారు మేడమ్."

"ఎవరు?"

"బట్టతల, మెడకింద వేలాడే సంచి, చెత్తకుప్ప ఎక్కడుంటే అక్కడ ప్రత్యక్షం. ఎంపీగారు."

మేడమ్ కలం గాల్లోనే ఆగింది. "ఏ పార్టీ?"

"గెలిచిన పార్టీ మేడమ్."

ఆవిడ దగ్గింది. అది దగ్గు కాదని నాకు ఇప్పటికీ అనుమానం. "సరే. ఆ కలువాకుల మీద నడిచేది?"

"మంచి మొగుడు. గుడ్లు పొదిగేదీ వాడే, పిల్లల్ని చంకలో ఇరికించుకుని తిరిగేదీ వాడే. పెళ్ళాం మిగతా ముగ్గురు మొగుళ్ళ సంగతి చూడ్డానికెళ్ళింది."

"ఇంగ్లీషు పేరు?"

"తెలీదు మేడమ్."

ఇరవై పక్షుల్ని అడిగింది. ఇరవయ్యీ ఎక్కడున్నాయో, ఏం చేస్తున్నాయో, కాసేపట్లో ఏం చెయ్యబోతున్నాయో చెప్పాను. ఒక్కదానికీ పుస్తకంలో పేరు చెప్పలేకపోయాను. ఇక చాలు, వెనక్కి తిప్పమంది. నేను తిప్పాను. మలుపు తిరగ్గానే జమ్ము పక్కన, పడవకు రెండు బారల దూరంలో బుల్వే నిలబడి ఉంది.

నేను తెడ్డు నీళ్ళలోనే ఉంచేశాను. మేడమ్ ఊపిరి బిగబట్టింది. పదకొండేళ్ళుగా వేరే ప్రాంతాల్లో గైడ్లకు పరీక్షలు పెడుతున్నా ఇంత దగ్గర్లో ఎప్పుడూ చూడలేదని తర్వాత చెప్పింది. ఆ పక్షి మమ్మల్ని పైనుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి చూసింది. ఎవరూ కదల్లేదు. బావకు ఏమీ వినపడలేదు, ఏమీ కనపడలేదు. కానీ పడవ ఎందుకు ఆగిందో తెలిసింది.

"ఎక్కడుందే?" అన్నాడు మెల్లగా. "నలుగ్వా, ఎక్కడుందే?"

నేను పడవలో ముందుకు పాకి, మేడమ్ మోకాళ్ళు దాటుకుని, ఆయన గడ్డం పట్టుకుని ముఖం ఆ వైపుకు తిప్పాను. వేలమందికి బుల్వేను చూపించినవాడు ఆరేళ్ళుగా ఒక్కసారీ చూడలేదు. ఆ మసకలో ఏ బూడిదరంగు మరకను చూశాడో, చూడనేలేదో. కళ్ళు మాత్రం నీళ్ళతో నిండిపోయాయి.

బుల్వే తల దించి, తోక కాస్త ఎత్తి, తన కాళ్ళమీదే ధారగా పోసుకుంది. ఎండకు చల్లగా ఉంటుందని అది చేసే పనే.

"ఇది గుర్తుపట్టాను మేడమ్" అన్నాడు బావ ముక్కు తుడుచుకుంటూ. "రాసుకోండి."

ఆయన తప్పాడు. నేనూ తప్పాను. రేవులో దిగాక మేడమ్ ఇద్దరినీ నిలబెట్టి చెప్పింది. "మీకు పేర్లొచ్చు, పక్షి కనపడదు. దీనికి పక్షి కనపడుతుంది, పేర్లు రావు. ఇద్దరికీ కలిపి ఒక లైసెన్సు ఇచ్చే రూలు లేదు. మూడు నెలల్లో మళ్ళీ వస్తాను." మిగతా పదిమందిలో తొమ్మిదిమంది గట్టెక్కారు. సాలోంగో బోర్డుకేసి చూస్తూ తల పట్టుకున్నాడు.

మర్నాడు సంఘం కూర్చుంది. నేనూ వెళ్ళాను. మూడు నెలల తర్వాత నా పేరుతోనే పరీక్షకు కూర్చుంటానని చెప్పాను. సాలోంగో మళ్ళీ పెద్దల్ని లేపాడు.

"అమ్మా, ఆడమనిషి ముందు కూర్చుంటే బుల్వే..."

"నిన్న ముందుకు పాకి వెళ్ళాను. ఎగర్లేదు. ఇంకోటి చేసింది. ఏం చేసిందో చెప్పమంటారా?"

"వద్దు."

"ఆరేళ్ళుగా అదే పడవలో ఉన్నాను. వెనక సగం ఆడది, ముందు సగం మగాడు అని బుల్వే కొలుస్తుందా? దాని దగ్గర టేపుందా?"

జనం నవ్వారు. మా ఊళ్ళో జనం నవ్వితే తీర్మానం ఆమోదించినట్టే.

బావ మాత్రం మూడు రోజులు గది దాటలేదు. పరువు పోయిందని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగో రోజు అక్క నన్ను చెయ్యి పట్టి లాక్కెళ్ళి మంచం ముందు నిలబెట్టింది.

"ఇదిగో వినండి ఇద్దరూ. నువ్వు దీనికి ఇంగ్లీషు పేర్లు నేర్పు. ఇది నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్తుంది. ఎవరు కాదన్నా ఈ ఇంట్లో పొయ్యి వెలగదు."

"నాకు ఆకలి లేదు" అన్నాడు బావ గోడతో.

"నాకుంది" అన్నాను నేను.

సాయంత్రం దాకా పట్టింది ఆయనకు ఆకలెయ్యడానికి.

చదువు మొదలైంది. నేను నా పేరు చెప్పేదాన్ని, ఆయన పుస్తకం పేరు చెప్పేవాడు. ఎంపీగారు మరబూ స్టార్క్. ఇంటి ఓనరు హామర్‌కాప్. మంచి మొగుడు జకానా. నాలుక తిరక్కపోతే తిట్టేవాడు. ఆరేళ్ళు ఆయన కళ్ళుగా ఉన్నాను కదా, ఆ విశ్వాసం ఒక్క పూట కూడా చూపించలేదు. "మొద్దుమొహమా, గోలియత్ హెరాన్ అని చెప్పడానికి అంత నోరు తెరవాలా, దోమలు పోతాయి" అనేవాడు. నాకు కోపం వచ్చి రెండుసార్లు పుస్తకం విసిరాను. రెండుసార్లూ తగల్లేదు. ఆయన తప్పించుకోలేదు, నేనే గురి తప్పాను.

ఆస్పత్రికి వెళ్ళేరోజు బావ ముఖం పెళ్ళికొడుకులా పాలిపోయింది. ముందు ఒక్క కంటికే చేశారు. మర్నాడు కట్టు విప్పుతుంటే అక్కా నేనూ చెరోపక్క నిలబడ్డాం. బావ కన్ను తెరిచాడు. రెప్పలార్చాడు. ఎదురుగా నిలబడ్డ నర్సును చూసి ముఖమంతా వెలిగిపోయింది.

"ఎరేసీ! ఎంత పడుచుగా ఉన్నావే!"

"నేనిటున్నాను" అంది అక్క.

బావ ఇటు తిరిగాడు. చాలాసేపు చూశాడు. ఆమె నుదుటిమీద ముడతలు, చెంప పక్కన తెల్లవెంట్రుకలు, ఆరేళ్ళలో ఆయన ఎరగకుండా వచ్చినవన్నీ. అక్క కొత్త పెళ్ళికూతురిలా తల దించుకుంది. నేను దాని ముఖంలో సిగ్గు చూసి ఎన్నాళ్ళయిందో.

"నువ్వూ బాగానే ఉన్నావు" అన్నాడు చివరికి.

"డాక్టరుగారూ, రెండో కంటికి ఇప్పుడే తొందరేం లేదు" అంది అక్క. "ఒక్కదాంతోనే ఇంత చూస్తున్నాడు."

ఇంటికొచ్చిన వారానికి, అతిథులెవరూ లేని ఒక పొద్దున, బావను పడవలో ఎక్కించుకుని బయల్దేరాను. పిచ్చి పట్టినట్టు చూశాడు. తూనీగను చూశాడు. తన చేతిమీది మచ్చను చూశాడు. నన్ను చూసి, "లావయ్యావు" అన్నాడు. సరే, పోనీ అనుకున్నాను. రేవు దాటి పెద్ద కాలవలోకి మళ్ళగానే ఒక్కసారి నిటారుగా అయ్యాడు.

"ఆపు. ఎక్కడికి తీసుకొచ్చావే నన్ను?"

"ఎక్కడికేంటి బావా, పెద్ద కాలవ. రోజూ వచ్చేదే."

"పెద్ద కాలవలో రెండువైపులా జమ్ము నెత్తిమీదికి వంగి ఉండేది. పొద్దెక్కేదాకా ఎండ నీళ్ళమీద పడేది కాదు. ఇక్కడికి ఇంత ఆకాశం ఎక్కణ్ణుంచి వచ్చింది?"

నేనూ తలెత్తి చూశాను. నిజమే, చాలా ఆకాశం ఉంది. గట్టువైపు జమ్ము ఉండాల్సిన చోట చేమ ఆకులున్నాయి. వాటి వెనక వరి ఉంది. నేను రోజూ ఆ దారినే వస్తున్నాను. ప్రతి సీజన్లో ఒక బారెడు, మరో బారెడు, అంతే పోయింది. నిన్న ఉన్నదే ఇవాళా ఉందనుకున్నాను. చూడ్డం నా పని, నేను పక్షుల్నే చూశాను.

"హద్దు కర్రలు ఉన్నాయిగా బావా, అదిగో" అన్నాను, నాకే నమ్మకం లేకుండా.

"కర్రలు నడుస్తాయి. నా చెదపుట్ట ఏది?"

బావ కుర్రతనంలో జమ్ము అంచునే ఉన్న ఎర్రటి చెదపుట్ట ఎక్కి బుల్వేల కోసం చూసేవాడు. దాని పాదం నీళ్ళలో తడుస్తూ ఉండేదట. పుట్ట ఇప్పుడు వరి చేను నడిమధ్యన ఉంది. నీళ్ళకు నలభై అడుగుల దూరంలో. చేను సాలోంగోది.

ఆ మధ్యాహ్నమే బావ ఊరినంతా వెంటేసుకుని చేలోకి దిగాడు. సాలోంగో పరుగున వచ్చాడు.

"ఆరేళ్ళు కళ్ళు లేనివాడివి, నీకేం తెలుసయ్యా హద్దు సంగతి?"

"కళ్ళు లేవు కాబట్టే తెలుసు. ఆరేళ్ళ కిందటి చిత్తడి నా బుర్రలో అలాగే ఉంది. సంఘం పెట్టినరోజు ఈ పుట్టమీద నిలబడే కదా నువ్వు ఉపన్యాసం ఇచ్చింది? కాలు జారి నీళ్ళలో పడ్డావు కూడా. ఇప్పుడు పడు చూద్దాం, ఎక్కడ పడతావో!"

ఆ పడడం అందరికీ గుర్తుంది. సాలోంగో కర్రలకేసి చూశాడు, పుట్టకేసి చూశాడు. కర్రలు వానకు కొట్టుకుపోతే మళ్ళీ పాతించానని, పాతినవాడు తప్పు చేశాడని ఏదేదో గొణిగాడు. జనం అరవడం మొదలుపెట్టారు. బావ చెయ్యెత్తి, "ఆగండి, అరవడానికి తొందరేం లేదు, హద్దు చివరిదాకా నడుద్దాం" అన్నాడు.

నడిచాం. ఆ నడక ఊరికి మరపురాదు. అరిచినవాళ్ళంతా ఒక్కొక్కరే వరసగా చల్లబడ్డారు. కోశాధికారి చెరకు హద్దు లోపలుంది. పాస్టరుగారి కూరమడి లోపలుంది. గొంతు చించుకున్న గైడ్లిద్దరి మేకల పాకలు లోపలున్నాయి. నడుస్తూ నడుస్తూ చేమతోట దగ్గరికి వచ్చాం. ఆకులు ఏనుగు చెవులంత ఉన్నాయి. బావ ఆగాడు.

"ఎరేసీ, ఈ చేమ ఎవరిది?"

"పక్కింటివాళ్ళది" అంది అక్క ఆకాశంలోకి చూస్తూ.

"మన పక్కిల్లెవరిది?"

అందరూ నా వైపు తిరిగారు. సగం నాదే. మిగతా సగం అక్కదని నేను చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది, అక్క చెప్పులు అక్కడే గట్టున ఉన్నాయి.

ఎవరికీ ఎవర్నీ తిట్టే మొహం లేకపోవడంతో తీర్మానం తేలిగ్గా అయిపోయింది. సాలోంగో వరి కోతకు రెండు వారాలే ఉంది కాబట్టి కోసుకుని దిగిపోవాలి. మిగతావాళ్ళు ఆ వారమే ఖాళీ చెయ్యాలి. హద్దుకు ఈసారి కర్రలు కాదు, బండరాళ్ళు. బావ పుట్టెక్కి నిలబడి చేతికర్రతో చూపిస్తూంటే, నలుగురేసి మగాళ్ళు రాళ్ళు దొర్లించారు. "ఇంకా వెనక్కి! ఇంకా! సాలోంగో, నీ పొట్ట అడ్డు తియ్యి, నాకు హద్దు కనపడ్డం లేదు!" అని అరిచేవాడు. ఆరేళ్ళు గుట్టుగా మసలిన మనిషి, చూపు రాగానే నోరు కూడా వచ్చింది. సాలోంగో మూడు రోజులు మాట్లాడ్డం మానేసి, నాలుగో రోజు తనే తట్ట పట్టుకొచ్చి జమ్ము దుంపలు నాటాడు. కవలలిద్దర్నీ కూడా తెచ్చాడు.

మేం తవ్వి తీసిన చేమదుంపలకు లెక్కలేదు. ఊరంతా నెలరోజులు అదే తిండి. ఉడకబెట్టి తిన్నాం, వేరుశనగ పులుసులో తిన్నాం, కాల్చి తిన్నాం. నాలుకలు దురద పుట్టి, ప్రార్థనలో పాటలు కూడా తగ్గాయి.

సరిగ్గా ఆ దినాల్లోనే కతుసాబే మేడమ్ మళ్ళీ వచ్చింది. నేను మొదటిసారి పడవ ముందు కూర్చున్నాను. యాభై పక్షులడిగితే నలభై ఆరు చెప్పాను. ఒకచోట తడబడి నారాయణ పక్షిని గుమాస్తా అనేశాను. మేడమ్ తన ఆఫీసులో అలాంటివి చాలా ఉన్నాయని చెప్పి, దాన్ని కూడా సరైన జవాబుగానే రాసుకుంది. బావ ఒంటికన్నుతో పరీక్ష రాసి, బొటాబొటిగా గట్టెక్కాడు. రెండో కన్ను కూడా అయ్యాక మళ్ళీ రాసి ఎక్కువ మార్కులు తెచ్చుకుంటానని ఆవిడతో పేచీ పెట్టాడు. అలాంటి రూలు లేదంది. సంఘం నా పేరున కూడా ఒక పడవ రాసింది.

భోజనం అక్క ఇంట్లోనే. మేడమ్ చేమదుంపల పులుసు తింది, ఉడకబెట్టిన చేమ తింది, టీలోకి కాల్చిన చేమ తింది. వెళ్ళేముందు అక్క ఒక పెద్ద గోనె ఆవిడ అద్దెకు పిలిపించుకున్న బోడా మోటారుబండిమీద ఎక్కించింది.

"ఇందులో ఏముందమ్మా?"

అక్క చెప్పకుండా గోనె మూతి మరింత గట్టిగా కట్టింది. మేడమ్ నవ్వింది, ఏ అనుమతీ తీసుకోకుండా, పళ్ళన్నీ కనిపించేలా. తర్వాత గోనెను రెండు చేతులా వాటేసుకుని కూర్చుంది. బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతూ మట్టిరోడ్డెక్కింది. బావ గట్టుమీద నిలబడి, కనిపించినంతసేపూ దాన్ని చూస్తూనే ఉన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, రేపు పొద్దున్నే ఇద్దరు అతిథులొస్తున్నారు, నీ పడవ నువ్వు కడుక్కో, నాది నేను కడుక్కుంటాను అన్నాడు.